కన్నడం తెలిసిన గుమాస్తా

ఒకే ఒక్క మాటతో ఒక వ్యాపారిని నిలువునా ముంచి, తానూ మునిగిన ఘనుణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

నేను ఎస్సెల్సీ తప్పిన ఏడాది మా కదిరి వైపు చినుకు పడలేదు. ఏదన్నా ఉద్యోగం చూసుకోమని నాయన నన్ను గుంతకల్లు రైలెక్కించాడు. అక్కడ పొద్దుటూరు షావుకారు ఒకాయన కొత్తగా వేరుశనగ మిల్లు పెట్టాడు. ఆయనకు కావలసిన గుమాస్తాకు లెక్కలు రావాలి, మాట మెత్తగా ఉండాలి, బళ్లారి వ్యాపారులతో బేరమాడటానికి కన్నడం తెలియాలి.

నేను తప్పిందే లెక్కల్లో. మెత్తదనమంటారా, మా ఇంట్లో మెత్తగా ఉండేది సంగటి ఒక్కటే. ఇక మిగిలింది కన్నడం. రైల్లో పక్కనున్నాయన మాటిమాటికీ ‘హౌదు’ అంటుంటే, అంటే ‘అవును’ అని కనిపెట్టాను. అదే నా పాండిత్యం.

“కన్నడం బాగొస్తాదా అప్పా?” అన్నాడు షావుకారు.

“హౌదు” అన్నాను. ఉద్యోగం ఇచ్చేశాడు.

గంట తిరక్కుండానే బళ్లారి వ్యాపారి దిగాడు. గుప్పెడు గింజలు తీసి నలిపి చూస్తూ కన్నడంలో ఏదో అడిగాడు. కలెక్టరు సంతకం పెట్టినంత ధీమాగా హౌదన్నాను. ఇంకేదో అడిగాడు. హౌదన్నాను. మూడోసారి చిరునవ్వు కూడా జోడించాను, మెత్తగా మాట్లాడాలి కదా మరి. ఏమంటున్నాడని షావుకారు గుసగుసగా అడిగితే, సరుకు మెచ్చుకుంటున్నాడని చెప్పాను.

చివరికి వ్యాపారి షావుకారు వైపు తిరిగి, వచ్చీరాని తెలుగులో అన్నాడు: “గింజ తడిసిండాదా అంటే అవునంటాడు. పాతవి కలిపినారా అంటే అవునంటాడు. తూకంలో కొడతారా అంటే నవ్వతా అవునంటాడు. ఇంత నిజం చెప్పే గుమాస్తాని నేను యాడా చూడలేదు సామీ.”

షావుకారు నన్ను పక్కకు లాక్కెళ్లాడు. అబద్ధమాడావని తిడతాడనుకున్నాను. తిట్టలేదు. “ఇప్పుడే కదప్పా వచ్చినావు, ఇవన్నీ నీకెట్ల తెలిసినాయి?” అన్నాడు.

నా ఉద్యోగం అక్కడితో సరి. బయటికొస్తుంటే వ్యాపారి గేటు దగ్గర ఆపి, భుజం మీద చెయ్యేసి, ప్రేమగా కన్నడంలో ఏదో అడిగాడు. అప్పటికే హౌదుతో ఒళ్లు కాలినవాణ్ని, ఈసారి తెలివిగా తల అడ్డంగా ఊపాను. ఆయన నిట్టూర్చి వెళ్లిపోయాడు.

అక్కడే మూటలు మోస్తున్న హమాలీ నన్ను వింతగా చూశాడు. “ఏమన్నా, రెండింతలు దుడ్లిస్తా నా మండీకి వస్తావా అంటే వద్దంటివే?”

నడినెత్తిన మండుతున్న సూర్యుడి సాక్షిగా అప్పుడే ప్రమాణం చేశాను. తెలియని భాషలో అవుననీ అనను, కాదనీ అనను. నాకు వచ్చింది వచ్చనీ, రానిది రాదనీ ఉన్నదున్నట్టు చెబుతాను.

ఆ ప్రమాణం నిలబెట్టుకున్నన్నాళ్లూ నాకు ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు.