ఐసు మేస్త్రీ ఇంట్లో ఐసు

ఫ్రిజ్‌లు బాగుచేసేవాళ్ళు ఆ ఊళ్ళో చాలామందే ఉన్నారు గానీ, ఫ్రిజ్‌ను బాగుచేసి ఇంటావిడకు చీవాట్లు పెట్టి వచ్చేవాడు మాత్రం ఒక్కడే. ఆ చీవాట్లన్నీ ఐసు గురించే కాబట్టి ఆయనకు ఐసు మేస్త్రీ అని పేరు పడిపోయింది.

తలుపు తియ్యగానే ఆయన చూపు పైనున్న ఐసు పెట్టె మీదికి పోయేది. అక్కడ మంచు వేలెడు మందాన పేరుకుని కనిపించిందా, ఇక ఆ ఇంటివాళ్ళ పని అయిపోయినట్టే.

"ఏమ్మా, ఇది ఫ్రిజ్జా, మంచుకొండా? అప్పుడప్పుడూ ఆపేసి కరిగించమన్నానా లేదా? అంత మంచు మోస్తూ పాపం కంప్రెసర్ ఎంతకని ఏడుస్తుంది? ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, కత్తి పెట్టి గీకొద్దు. ఆ రేకులోనే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. చిన్న గాటు పడిందంటే అంతే సంగతులు." గుమ్మం దాకా వచ్చి చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి, "కత్తి!" అని వేలు చూపించి మరీ వెళ్ళేవాడు.

కొత్త ఫ్రిజ్‌లంటే ఆయనకు ఒళ్ళుమంట. వాటిలో గొట్టాలన్నీ గోడల మధ్య నురగలో పాతేసి ఉంటాయి. ఎక్కడ కారుతోందో తెలిసినా చెయ్యి దూరదు. బోర్డు కాలిపోతే ఆ బోర్డే కావాలి, అదేమో రావడం మానేసి ఉంటుంది. కొత్తవాటికి అసలు ఐసే పట్టదట కదా అని ఎవరైనా అంటే, "పట్టేదాకా బతికితే కదా!" అని నవ్వేవాడు.

ఆయన ఇంట్లో ఉన్నది పెళ్ళైన కొత్తలో కొన్నది. అప్పటికే ఎవరో వాడి వదిలేసిన సరుకు. లేతాకుపచ్చ రంగు, ఇనప్పెట్టెలాంటి తలుపు, చెయ్యి నిండా పట్టుకునే పిడి. థర్మోస్టాట్ మార్చాడు, తలుపు రబ్బర్లు మార్చాడు, రంగు వేయించాడు. కంప్రెసర్ జోలికి మాత్రం ఎన్నడూ పోవాల్సిన పని పడలేదు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ దాని వీపు తట్టి చూపించి, "దీనికి చావు లేదు" అనేవాడు.

దాన్ని అంత ఆరోగ్యంగా ఉంచింది ఆయన కాదు, ఆయన భార్య. నెలకు రెండుసార్లు ఫ్రిజ్ ఆపేసి, లోపల వేడినీళ్ళ గిన్నె పెట్టి, కింద పాత గుడ్డలు పరిచి, స్టూలు వేసుకుని ఎదురుగా కూర్చునేది. ఐసు పెళ్ళలు వాటంతటవే ఊడి పడేదాకా లేచేది కాదు. "మేస్త్రీ పెళ్ళాన్నై ఉండి నా ఇంట్లోనే ఐసు పెంచుకుంటే ఊరంతా నవ్వదూ!" అనేది.

రోజూ పొద్దున్నే కాచిన పాల మీద మీగడ తీసి, ఐసు పెట్టెలో చిన్న స్టీలు గిన్నెలో వేసేది. చెంచా అందులోనే గుచ్చి వదిలేసేది.

"చెంచా కూడా దాచిపెట్టాలా ఏంటే?" అని ఆయన విసుక్కునేవాడు.

"రేపు మళ్ళీ కావాలి కదండీ" అనేది ఆవిడ.

వాళ్ళ వాటా పై అంతస్తులో. మెట్లు ఇరుకు, మధ్యలో ఒక మలుపు. ఆఖరి రోజుల్లో ఆవిడ కూరగాయల సంచీతో ఎక్కుతూ ఆ మలుపు దగ్గర ఆగిపోయేది. ఆయన ముందుగా పైకి చేరుకుని, "ఎక్కడున్నావే?" అని కేకేసేవాడు.

"ఎందుకో ఆయాసంగా ఉంటోందండీ."

"నువ్వు పాత కంపెనీ సరుకువే! నీకేమవుతుంది? కొత్తవాళ్ళు పడిపోవాలి గానీ."

ఆవిడ నవ్వేది. ఆ నవ్వు చూసి ఆయన కూడా నవ్వేవాడు. పక్క గదిలో కంప్రెసర్ కాస్త తడబడితే నిద్రలోంచి లేచి కూర్చునే మనిషికి, మెట్ల మీద ఆగి ఆగి వస్తున్న ఊపిరి వినిపించలేదు.

ఒక పొద్దున ఆవిడ పాలు కాచి, మీగడ తీసి గిన్నెలో వేసి, కాసేపు నడుం వాలుస్తానని వెళ్ళి మంచం మీద పడుకుంది. మళ్ళీ లేవలేదు. గుండె ఎప్పటినుంచో బలహీనంగా ఉండి ఉంటుందని డాక్టరు అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఫ్రిజ్‌ను ఆపలేదు. ఆపితే మీగడ కరుగుతుంది. ఆవిడ చివరిసారి వేసిన మీగడ, చెంచాతో నొక్కిన గుంట, గుచ్చిన చెంచా, అన్నీ అలాగే ఉండాలి. మంచు మొదట గిన్నె చుట్టూ పేరుకుంది, తర్వాత గిన్నెను కప్పేసింది. చివరికి చెంచా కాడ ఒక్కటే బయటికి మిగిలింది. కంప్రెసర్ ఆగకుండా మూలుగుతూనే ఉంది. ఆ మూలుగుకి అర్థం ఆయనకు తెలియంది కాదు. ఇలాగే నడిస్తే కాలిపోతుంది. తెలిసీ రోజూ తలుపు తీసి చెంచా కాడను చూసి మూసేసేవాడు.

కూతురు ఆ ఊళ్ళోనే ఇంకో పేటలో ఉంటుంది. ఒక ఆదివారం వచ్చి ఫ్రిజ్ తెరిచి నోరు వెళ్ళబెట్టింది.

"ఇదేంటి నాన్నా! ఊళ్ళో వాళ్ళందర్నీ తిడతావు, నీ ఇంట్లో చూడు ఎలా ఉందో! ఎలా మూలుగుతోందో వినపడట్లేదా?"

"దాని సంగతి నాకు తెలుసులే."

"తెలిసింది చాలు. కొత్తది చెప్పేస్తున్నా. బుధవారం తెచ్చి దీన్ని తీసుకుపోతారు. వంటింట్లో ఉన్నట్టుండి పొగ వస్తే ఒక్కడివీ ఏం చేస్తావు?"

తండ్రిది పాతవాటి మీద మొండిపట్టు అనుకుంది ఆ పిల్ల. గిన్నె సంగతి ఆయన చెప్పలేదు. చెబితే ఎక్కడ ఏడుస్తానో అని ఆయనకే భయం.

బుధవారం పొద్దున ఆయనకొక ఆలోచన తట్టింది. గిన్నెను మంచుగడ్డతో సహా కరగకుండా ఊడదీస్తే, అలాగే కొత్తదానిలో పెట్టెయ్యొచ్చు. వేడినీళ్ళు పెడితే కరిగిపోతుంది. అందుకని కత్తి తీసుకున్నాడు.

మెల్లగానే గీకాడు. గిన్నె కాస్త కదిలింది. కదిలిందన్న ఆశతో చెయ్యి బరువు పెరిగింది. అంతలో సన్నగా బుస్సుమన్న చప్పుడు.

ఆయన కత్తి పారేసి ఆ చిల్లు మీద బొటనవేలు అదిమాడు. వేలి పక్కనుంచి గ్యాస్ పోతూనే ఉంది. వేలితో ఆగదని ఆయనకు తెలుసు. అయినా తియ్యలేదు. చప్పుడు ఆగిపోయాక కూడా తియ్యలేదు. కూతురు తన దగ్గరున్న తాళంతో తలుపు తీసుకుని వచ్చేసరికి చెయ్యి ఐసు పెట్టెలోనే ఉంది, వేలు తెల్లగా పాలిపోయింది.

"నాన్నా! ఏం చేశావు?"

"కత్తి పెట్టానమ్మా" అన్నాడు, దెబ్బలు తినబోయే పిల్లాడిలా.

ఆ పిల్ల ఆయన చెయ్యి బయటికి లాగి కొంగులో చుట్టింది. అప్పుడే చెంచా కాడ కనిపించింది. చూస్తూ చూస్తూ స్టూలు మీద కూలబడింది.

"ఇది అమ్మదా? నాకు ముందే ఎందుకు చెప్పలేదు? పోనీ అతుకు వేసి గ్యాస్ ఎక్కించు నాన్నా. నీకు రాని పనా?"

"అతుకు వెయ్యొచ్చు తల్లీ, కానీ ఇదంతా కరిగాకే. ఈ ఐసు మళ్ళీ ఎవరు పెడతారు?" ఆయన కింద పడ్డ కత్తిని కాలితో పక్కకి నెట్టాడు. "ఆయాసం అంటే నవ్వానమ్మా. పాత సరుకు, ఏం కాదన్నాను."

"నాతోనూ అంది నాన్నా. ఎండలు కదమ్మా అన్నాను" అని కూతురు ఏడ్చేసింది.

ఇద్దరూ కలిసి కింద పాత గుడ్డలు పరిచారు. తల్లి కూర్చున్నట్టే ఎదురుగా కూర్చున్నారు. పెళ్ళలు ఒక్కొక్కటే ఊడి పడ్డాయి. గిన్నె బయటపడింది. మీగడ మెత్తబడుతుంటే నిటారుగా ఉన్న చెంచా మెల్లగా పక్కకి ఒరిగింది. పుల్లటి వాసన వేసింది. ఆయన గిన్నెను ఒళ్ళో పెట్టుకుని చెంచాను మళ్ళీ నిలబెట్టబోయాడు. అది నిలబడలేదు.

మధ్యాహ్నం కొత్త ఫ్రిజ్ తెచ్చిన ఇద్దరూ దాన్ని దించి, పాతదాన్ని వెల్లకిలా వంచబోయారు.

"పడుకోబెట్టొద్దు" అన్నాడు ఆయన.

"తుక్కులోకి పోయేదే కదా పెద్దాయనా! ఇంకా దీనికేమవుతుంది?"

"నిలబెట్టే తీసుకెళ్ళండి నాయనా."

ఆయన మొహం చూసి వాళ్ళు తాడు బిగించి నిలువుగానే ఎత్తారు. ఆయన ఒక చెయ్యి దాని వీపు మీద వేసి, వెనకే మెట్లు దిగాడు. ఆవిడను తీసుకెళ్ళిన రోజు ఇవే మెట్ల మీద ఆయన నోరు పెగల్లేదు. ఇవాళ ప్రతి మెట్టుకీ మెల్లగా, మెల్లగా అంటూనే ఉన్నాడు. మలుపు రాగానే వాళ్ళలో ఒకడి భుజం పట్టుకున్నాడు.

"ఇక్కడ కాస్త దించండి. ఆయాసం తీరాక వెళ్దాం."

ముసలాయన అలిసిపోయాడనుకుని వాళ్ళు ఫ్రిజ్‌ను దించి నిలబెట్టారు. పైనుంచి కూతురు, "ఎక్కడున్నావు నాన్నా?" అని కేకేసింది. ఆయన తలుపు పిడి పట్టుకుని ఆ మలుపులో నిలబడ్డాడు.