గుండిగ అడుగు

జూలై వచ్చిందంటే మెల్చోరా కాలు ఒకచోట నిలవదు. లిమా ఊరంతా పొగమంచు కప్పుకుని, ఎండ మొహం చూడక, ముక్కు చీదుకుంటూ పడుంటుంది గానీ, ఆమెకి మాత్రం ఒంట్లో ఏదో రాజుకుంటుంది. పైన కొండల్లో, వాంకవెలికా పట్నం దాటాక ఆమె పుట్టిన పల్లెలో అప్పుడు సంతియాగో పండుగ. ఆవుల చెవులకి రంగు రిబ్బన్లు కట్టి, కొమ్ము బూరలు ఊది, తెల్లవార్లూ పాడతారు. ఏటా వెళ్ళాలనుకుంటుంది. ఏటా మూట కడుతుంది, ఏటా విప్పుతుంది. కారణం ఒక గుండిగ.

బార్యోస్ అల్తోస్ పేటలో, చైనా వీధి కమానుకి కూతవేటు దూరంలో లావ్ పెద్దాయన చైనా హోటలుంది. అలాంటి హోటళ్ళని ఈ ఊళ్ళో చీఫా అంటారు. ఆ చీఫా వంటింట్లో, మూల పొయ్యి మీద ఉంటుందా గుండిగ. అందులో ఉండేది నల్లరసం. సోయా సాసు, అల్లం, అనాసపువ్వు, దాల్చినచెక్క, ఎండిన నారింజ తొక్క, బెల్లం వేసి కాచిన రసం. కోళ్ళూ బాతులూ పంది కాళ్ళూ అందులోనే ఉడుకుతాయి. ఉడికినవాటిని తీసేస్తారు గానీ రసాన్ని పారబోయరు. వడగట్టి, తగ్గినంత పోసి మళ్ళీ కాస్తారు. ఆదివారమైనా, ఈస్టరైనా, ప్రభుత్వమే పడిపోయినా ఒక్కరోజు కాచడం మానితే పులిసిపోతుంది. లావ్ దాన్ని కన్యెతే చెరకు తోటల దగ్గరుండే మేనమామ గుండిగలోంచి తెచ్చుకున్నాడు. ఆ మామకి అది ఆయన పెదనాన్న ఇచ్చినది. చెరకు నరకడానికి మనుషుల్ని ఓడల్లో తెచ్చి, రాత్రిళ్ళు కొట్టంలో పెట్టి తాళం వేసే కాలంలో మొదలైన రసం అది.

మెల్చోరా ఆ వంటింట్లో అడుగు పెట్టింది పదహారేళ్ళప్పుడు. రెండు జడలు, లంగా మీద లంగా, వచ్చీరాని స్పానిష్. లావ్ స్పానిష్ కూడా అంతంతమాత్రమే. ఇద్దరికీ అది అరువు భాషే కాబట్టి ఒకరి తప్పులు ఒకరికి పట్టింపు లేకపోయింది. గిన్నెలు తోమే పని. మొదటి రోజే, కష్టపడే పిల్లనని చూపించుకుందామని, రసం వడగట్టడానికి ఖాళీ చేసిన గుండిగలోకి పీచు పట్టుకుని దూరింది. లావ్ ఒక్క అంగలో వచ్చి ఆ పీచు లాగి వీధిలోకి విసిరేశాడు.

"మా మామని తోమేస్తావా ఏంటి?" అన్నాడు. పిల్ల బిక్కచచ్చిపోయింది. కాసేపటికి ఆయనే కాస్త తగ్గి, "బయట ఎంత కావాలంటే అంత తోముకో అమ్మాయ్. లోపల ముట్టుకోకు. లోపల ఉన్నది మనుషులు," అన్నాడు.

గిన్నెల దగ్గర్నుంచి కూరలు తరగడానికీ, అక్కణ్ణుంచి పొయ్యి దగ్గరకీ వచ్చింది. మంట మీద ఇనప మూకుడు ఎగరేయడం వచ్చింది. రుచి చూసే ముందు గరిటెలోంచి నాలుగు చుక్కలు నేల మీద విదిలించడం ఆమెకి అమ్మ దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. నేలతల్లికి పెట్టకుండా నోట పెట్టుకోకూడదు. లావ్ అది చూసి తిడతాడనుకుంది.

"మా ఊళ్ళో సమాధుల ముందు ఇలాగే పోస్తాం," అన్నాడాయన. "పోసుకో. గరిటె నిండా మాత్రం పోయకు, సాసు ఊరికే రాదు."

ముందు గదిలో కూర్చుని తినేవాళ్ళకి వంటింట్లో ఎవరున్నారో తెలీదు. "ఎంతైనా చైనా వాళ్ళ చెయ్యే వేరు," అని మెచ్చుకుని, వంటవాణ్ణి చూడాలని పట్టుబట్టేవాళ్ళు. మెల్చోరా చేతులు తుడుచుకుంటూ, జడలు ఊపుకుంటూ వస్తే ఆమె వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసేవాళ్ళు. ఆమెకి నవ్వూ వచ్చేది, ఒళ్ళూ మండేది. వాళ్ళు మెచ్చే వేపుడు మాంసంలో పచ్చ మిరపకాయ వెయ్యాలన్నది తనే. లావ్‌తో వారంపాటు పోట్లాడి ఒప్పించింది. ఇప్పుడు అదే అసలైన చైనా రుచి అని జనం లొట్టలు వేస్తారు.

అలా జీవితమంతా ఆ పొయ్యి చుట్టూ తిరిగింది. పెళ్ళయింది, కూతురు మరూహా పుట్టింది. తెల్లారకుండానే లేచి గుండిగ దగ్గరకి పరిగెత్తే పెళ్ళాంతో వేగలేక, "నువ్వు నన్ను కాదు, దాన్ని కట్టుకున్నావు," అని అనీ అనీ, మొగుడు చివరికి వేరే ఊరు పట్టుకుపోయాడు. లావ్‌కి వయసు మీద పడ్డాక గుండిగ పూర్తిగా ఆమె మీదే పడింది. జ్వరమొచ్చినా వెళ్ళేది. కాచేదాకా ప్రాణం కుదురుగా ఉండేది కాదు. కాచాక రేపటి గురించి కుదురు ఉండేది కాదు.

ఈ ఏడు చలి మొదట్లో లావ్ పెద్దాయన పోయాడు. కొడుకు ఫెర్మిన్ వంతెనలు కట్టే ఇంజనీరు. నెలలో సగం అడవుల్లోనే ఉంటాడు. చీఫా నడపడం అతని వల్ల కాదు. చుట్టూ పాత ఇళ్ళన్నీ పడగొట్టి దుకాణాల సముదాయాలు కడుతున్నారు, ఇదీ అమ్మేశాడు. దానికి మెల్చోరా ఏమీ అనుకోలేదు. ఆమెని నిద్రపోనివ్వనిది వేరే విషయం.

ఇల్లు మూసేటప్పుడు నల్లరసాన్ని పంచుతారు. ఇంటివాళ్ళందరికీ తలా ఒక జాడీ పోస్తారు. వరసకి దూరమైనవాళ్ళు ముందు, దగ్గరివాళ్ళు తర్వాత, పెద్దకొడుకు అందరికంటే ఆఖర్న. చిక్కనిదంతా అడుగున ఉంటుంది, దాంట్లో గరిటెడు మిగిలినా కొత్త గుండిగ నింపేయొచ్చు. మామ పోయినప్పుడు కొడుకులు లేని ఆ ఇంట్లో అడుగు తనకే వచ్చిందని లావ్ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. మెల్చోరాకి ఒక జాడీ కావాలి. అడుగు కాదు, పైది చాలు. తనని కూడా పేరు పెట్టి పిలిచి, జాడీ పట్టమనాలి.

"నోరు తెరిచి అడుగమ్మా," అంది మరూహా.

"అడిగి తెచ్చుకుంటే ముష్టి అవుతుంది. వాళ్ళంతట వాళ్ళు పిలిచి ఇస్తేనే..."

"ఇస్తేనే?"

మెల్చోరా అల్లం చెక్కు తీయసాగింది. అవసరం లేని అల్లం అది.

"సరే, ఇక్కడితో దాని రుణం తీరిపోయింది. ఇక నెపాల్లేవు," అని మరూహా, ఆదివారం రసం పంచడం అయ్యాక ఆ మర్నాడు బయల్దేరేలా బస్సు టిక్కెట్టు తెచ్చి తల్లి చేతిలో పెట్టింది. అన్నాళ్ళూ ఎదురుచూసిన టిక్కెట్టు చేతికొచ్చినా మెల్చోరా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. సాయంత్రం బజారుకెళ్ళి, ఎవరికీ చెప్పకుండా, మూత బిగుతుగా ఉన్న జాడీ ఒకటి కొని శాలువలో చుట్టి సంచి అడుగున పెట్టుకుంది.

ఆదివారం పొద్దున బంధువులొచ్చారు. చించాలో చీఫా నడిపే నేలిదా, వరాల్ నుంచి ఆమె పినతండ్రి, ఇంకో ఇద్దరు. లావ్ భార్య అల్ఫోన్సినా కర్ర పట్టుకుని పొయ్యి పక్కనే కుర్చీలో కూర్చుంది. గరిటె మెల్చోరా చేతిలోనే పెట్టారు, ఇంకెవరికీ చేతకాదు గనక. ఫెర్మిన్ నాన్న గురించి రెండు మాటలు చెప్పి, కళ్ళు తుడుచుకుని, "మెల్చోరక్క గురించి వేరే చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు నన్నెత్తుకు తిప్పింది. మాకు ఇంటి మనిషిలాంటిది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ 'లాంటిది' మెల్చోరా గొంతులో చేపముల్లులా దిగింది.

ఫెర్మిన్ జాడీ పట్టుకుని ముందుకొచ్చాడు.

"పెద్దకొడుకుని కదా, మొదట నాకు పొయ్యక్కా."

గరిటె గాల్లోనే ఆగింది. పైన తేలే పలచటి రసం అతనికి పోస్తే, అడుగు ఎవరికీ కాకుండా పోతుంది. నేలిదా ఫోను చూసుకుంటోంది. వరాల్ పెద్దమనిషి కిటికీలోంచి వీధి చూస్తున్నాడు. అల్ఫోన్సినా మాత్రం మెల్చోరా మొహం వైపే చూస్తోంది. మెల్చోరా మాట్లాడలేదు. పోసింది. తర్వాత ఒక్కొక్కరికీ పోసుకుంటూ వచ్చింది. రసం నల్లబడుతూ చిక్కబడుతూ వచ్చింది. ఆఖరి జాడీ నిండాక అడుగున ఇంకా కాస్త మిగిలింది, సరిగ్గా సంచిలో ఉన్న జాడీకి సరిపోయేంత.

"అయిపోయినట్టేగా," అన్నాడు ఫెర్మిన్ గుండిగలోకి తొంగిచూసి. "ఆ మడ్డి పారబోసి బాగా తోమెయ్యక్కా. మా హాల్లో పెట్టుకుంటాను, నాన్న గుర్తుగా."

తోమెయ్యమన్నాడు. మెల్చోరా సంచి భుజాన తగిలించుకుని, గుండిగ ఎత్తుకుని పెరటి తొట్టి దగ్గరకి వెళ్ళింది. ఎవరూ చూడటం లేదు. అతనే వద్దన్నాడు, తను దొంగిలించడం లేదు. సంచిలోంచి జాడీ తీసి మూత తిప్పింది. పీచు వైపు చూసింది. ఒక్క నిమిషం పని, ఆ తర్వాత బస్సు, కొండలు. లోపల ఉన్నది మనుషులని ఆయన అన్న రోజు గుర్తొచ్చింది. ఈ మనుషుల్ని చాటుగా పట్టుకుపోతే ఆ జాడీ మూత తీసిన ప్రతిసారీ తల వంచుకోవాల్సిందే. అది తనవల్ల కాదు. కోపంగా, తన మీద తనకే కోపంగా, జాడీ శాలువ చాటున దోపుకుని, గుండిగ మళ్ళీ మోసుకొచ్చి ఫెర్మిన్ ముందు దించింది.

"ఇది నీది బాబూ. అడుగు పెద్దకొడుకుది. నీకు పోసింది పైన తేలేది. ఇందాకే చెప్పాల్సింది. నాకు కావాలనిపించి నోరు మూసుకున్నాను."

ఫెర్మిన్ చెవులు ఎర్రబడ్డాయి.

"దీన్ని ఏం చెయ్యాలి?" అన్నాడు.

"కాచాలి."

"ఎప్పుడెప్పుడు?"

"రోజూ. ఆదివారం కూడా."

"రోజూనా? నేను ఇంట్లో ఉండేదే పది రోజులు కదక్కా."

అల్ఫోన్సినా కర్రతో నేల మీద కొట్టింది. "నేను చించా నల్లజాతి పిల్లని. నా ఒంట్లో చైనా రక్తం చుక్క ఉందేమో చూడరా. మీ నాన్న నా చేతికి ఈ గరిటె ఇచ్చినప్పుడు వీళ్ళ తాత మా గడప తొక్కడం మానేశాడు," అని నేలిదా వైపు గడ్డం చూపించింది. "వాళ్ళా వీళ్ళా అని కాదు, రేపు పొద్దున దీని కింద మంట పెట్టేదెవరో అది అడుగు."

ఫెర్మిన్ గుండిగ అంచు పట్టుకుని వంచి అడుగు చూశాడు. తర్వాత, "మెల్చోరక్కా, రేపు పొద్దున వెలిగిస్తావా?" అన్నాడు.

ఆమెకి టిక్కెట్టు గుర్తొచ్చింది. ఏటా కట్టి విప్పిన మూటలన్నీ గుర్తొచ్చాయి.

"వెలిగిస్తాను."

"అయితే ఇది నీది. జాడీ ఏదైనా వెతుకుదాం ఉండు."

మెల్చోరా తల వంచుకుని శాలువ చాటునుంచి జాడీ బయటికి తీసింది. ముసలామె పగలబడి నవ్వింది. ఫెర్మిన్ తనే గరిటె తీసుకుని, ముందు నేల మీద నాలుగు చుక్కలు విదిలించి, అటూ ఇటూ ఒలకబోస్తూ నింపాడు. "చూసి పొయ్యరా, మీ నాన్నని నేలపాలు చేస్తున్నావు," అని తల్లి తిడుతూనే ఉంది. గుండిగ కూడా ఇచ్చేశాడు. తోమొద్దని ఇప్పుడు అతనే చెప్పాడు.

మర్నాడు తెల్లారకముందే మరూహా ఇంట్లో రసం మరిగింది. టిక్కెట్టు చింపేస్తుందని మరూహా అనుకుంది. మెల్చోరా జాడీని శాలువలో చుట్టి చంటిపిల్లలా వీపుకి కట్టుకుని బస్సెక్కింది. బస్సులో కుదురు లేదు. మలుపు తిరిగితే జాడీ తడిమేది, మూత వాసన చూసేది. పైన కనుమ దగ్గర గని కార్మికులు రోడ్డుకి అడ్డంగా రాళ్ళు పెట్టి రాత్రంతా ఎవర్నీ కదలనివ్వలేదు. లా ఒరోయా ఊళ్ళో బస్సు ఆగేసరికి మళ్ళీ పొద్దు పొడిచింది. కాచే వేళ దాటిపోతోంది. డ్రైవరు పది నిమిషాలే అన్నా వినకుండా ఆమె దిగి పరిగెత్తింది.

బస్టాండు ఎదురుగా ఎర్ర రంగుతో చీఫా అని రాసిన రేకుల కొట్టు ఉంది. లోపల లంగా మీద లంగా వేసుకున్న కొండ మనిషి, జడలు వెనక్కి ముడేసుకుని ఇనప మూకుడు తుడుస్తోంది.

"అక్కా, ఒక్క పొంగు రానిస్తే చాలు, పొయ్యి ఇస్తావా?"

ఆమె ఎగాదిగా చూసి పక్కకి జరిగింది. రసం గిన్నెలోకి దిగి, మెల్లగా కదిలి, వాసన కొట్టంతా నిండింది. బయట బస్సు హారన్ మోగుతోంది. కొట్టామె గిన్నె మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చింది.

"ఇలాంటి వాసన నేనెప్పుడూ చూళ్ళేదే. ఏ చైనా వాళ్ళదక్కా ఇది?"

"మాది," అంది మెల్చోరా. "లావ్ వాళ్ళం." బస్సు మళ్ళీ హారన్ కొట్టింది. ఆమె కదల్లేదు, రసం ఇంకా పొంగాలి.