నా చోటికి మరొకరిని పిలవడానికి ఆదోని ప్రయాణం

గోనెగండ్ల మసీదులో మౌజన్‌ని నేనే. మా నాయన పోయిన నాటి నుంచి రోజూ ఐదు పూటలా అజాన్ ఇచ్చి ఊరిని నమాజుకు పిలిచే పని నాది. మిగతా వేళల్లో దూది ఏకుతాను, పరుపులు కుడతాను. మేము దూదేకుల వాళ్ళం. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే, అజాన్ మాత్రం అరబ్బీలో. దూది దుమ్ము గొంతులో పేరుకుపోయి ఈ మధ్య నా పిలుపు రెండు వీధులు కూడా దాటడం లేదట. ఆ మాట నా మొహానే అన్నవాడు మా జమాత్ పెద్ద ఖాదర్ సాబ్. అంతటితో ఊరుకున్నా బాగుండేది. “ఆదోనిలో దస్తగిరి అని ఒకడుండాడప్పా. ఏం గొంతు, ఏం గొంతు! మన మసీదుకు రమ్మని నువ్వే పోయి అడుగు. ఆయప్ప గూడా దూది పనోడే. నీ మాటైతే కాదనడు” అన్నాడు. నా చోటికి వచ్చేవాణ్ణి నేనే పోయి బతిమాలుకోవాలన్న మాట. సరేనని తలూపాను.

మా వైపు నుంచి ఆదోని పోదలచినవారు తెల్లవారగానే బయలుదేరడం మంచిది. కర్నూలు రాజధాని అయిన తర్వాత బస్సులు ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటున్నాయి. నేను తెల్లవారుజామున ఫజర్ అజాన్ ఇచ్చి, నమాజు చేసుకుని, రోడ్డు మీదికి వచ్చేసరికి మొదటి బస్సు వచ్చింది. ఎమ్మిగనూరుకు నాలుగణాలు. కూర్చోవడానికి చోటు దొరకలేదు. కండక్టరు నా టోపీ చూసి, “యాడికి సాయిబన్నా?” అన్నాడు. ఆదోనికన్నాను. “అట్లయితే మధ్యాన్నం నమాజు యాళకు చేరుకో. ఆడ ఒకాయన పిలుస్తాడు సూడు, బస్టాండు కాడికి ఇనపడతాది” అన్నాడు. వద్దన్నా ఆ గొంతు మాటే ఎదురొస్తోంది. టిక్కెట్టు జేబులో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాను. రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి చేలల్లో పత్తి ఏరుతున్నారు.

ఎమ్మిగనూరులో బండి మారాలి. ఆదోని బస్సుకు మూడు గంటలకు పైగా ఆగవలసి వచ్చింది. బస్సులు ఆగే చోటికి దగ్గరలోనే మగ్గాల ఇళ్ళున్నాయి, ఆ చప్పుడు వింటూ కూర్చోవచ్చు. ఆకలైతే అక్కడ ఒకావిడ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసి అమ్ముతుంది. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని అణాకు ఆకు నిండా పెట్టింది. ఎవరైనా దస్తగిరిని ఒక చెడ్డ మాట అంటే వినాలని నా ప్రాణం లాగుతోంది. “ఆదోని మసీదులో పిలిచే ఆయన నీకు తెలుసునా అమ్మా?” అని నేనే కదిలించాను.

“మా ఇంటాయన ఆదోనికి పత్తిబండి తోలుకపోతాడు గదన్నా. ఆ సాయిబు మధ్యాన్నం పిలుస్తానే ఎద్దుల్ని ఇప్పి, సద్ది మూట తెరుస్తాడంట. మీ ఊర్లో పిలిచేటాయన ఎట్ట పిలుస్తాడు?”

“బాగానే పిలుస్తాడు” అన్నాను. ఆ తర్వాత బజ్జీ రుచి తెలియలేదు.

ఆదోనికి ఎనిమిదణాలు, రోడ్డు బాగుంటే గంటన్నర. బళ్ళారి జిల్లాలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు మన జిల్లాలో కలిసినా, బస్సులో సగం మంది కన్నడమే మాట్లాడుతున్నారు. దూరాన కోట కొండలు కనబడేసరికి నేనొక అబద్ధం తయారు చేసుకున్నాను. దస్తగిరిని కలవకుండానే ఒక రోజు ఊరంతా తిరిగి, ఇంటికి పోయి, “ఎంత సెప్పినా రానన్నాడు” అనాలి. ఎవరు వచ్చి అడగబోతారు? గొంతు పోతే పోయింది గానీ చోటు నాకే మిగులుతుంది. జట్కా అతనికి రెండణాలిచ్చి పత్తి మార్కెట్టు దగ్గర మసీదు ముందు దిగినప్పుడు కూడా ఆ ఆలోచనతోనే ఉన్నాను. మధ్యాహ్నపు జొహర్ నమాజు చేసుకుని కదలాలనుకున్నాను.

వజూకు కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఆ తడి ఆరకముందే ఒక మనిషి జిన్నింగు మిల్లు నుంచి పరుగు లాంటి నడకతో వచ్చాడు. గడ్డంలో, కనుబొమ్మల్లో దూది. అతనే అయి ఉంటాడనుకున్నాను. పొట్టి మనిషి, మాసిన లుంగీ. ఇతనికా ఆ గొంతు అని లోలోపల సంతోషించాను కూడా. అతను మొహం కడుక్కుని, మెట్లెక్కి, చెవుల దగ్గర చేతులు పెట్టుకున్నాడు.

ఊపిరి ఎక్కడ తెగుతుందా అని కాచుకు కూర్చున్నాను. తెగలేదు. ఎక్కడా గట్టిగా అరిచినట్టు లేదు, అయినా మార్కెట్టు అంతా వినబడుతోంది. నాది, అతనిది ఒకటే పని, మేమిద్దరం మింగేది ఒకటే దుమ్ము. ఆ గొంతు అతనికెందుకు ఇచ్చావని దేవుణ్ణి ఆయన ఇంట్లోనే కూర్చుని నిలదీశాను. అంతలో పక్కనున్న ముసలాయన పెదవులు కదలడం చూశాను. అజాన్ వినేవాడు ఒక్కో మాటకూ మెల్లగా బదులు పలకాలి. అది నాకు తెలియనిది కాదు. కానీ నా పెదవులకు అలవాటు తప్పిపోయింది, తడబడ్డాయి. మా ఊళ్ళో ఉన్నది ఒక్కటే మసీదు, అందులో పిలిచేది నేనే. నాయన పోయాక నన్ను నమాజుకు పిలిచినవాళ్ళు లేరు. ఇంతమంది రోజూ ఊరికే కూర్చుని వింటున్న పిలుపు నాకు దక్కలేదే అని ఆ ముసలాయన మీద కూడా కుళ్ళుకున్నాను. కుళ్ళుకుంటూనే బదులు పలికాను. నమాజులో నిలబడ్డాక, ఈ పూట పిలిస్తే వచ్చినవాణ్ణి గదా అనిపించి ఏడుపొచ్చింది.

నమాజయ్యాక దస్తగిరి తన జొన్నరొట్టె సగం తుంచి నా చేతిలో పెట్టాడు. అబద్ధం ఆడితే నా చోటు నాకుంటుంది, కానీ ఈ పిలుపు మళ్ళీ వినలేను. ఆ ఆశే నా కొంప ముంచింది. ఖాదర్ సాబ్ చెప్పమన్నదంతా ఉన్నదున్నట్టు చెప్పేశాను. గొంతు పోయిన ఆ మౌజన్‌ని నేనేనని కూడా చెప్పాను.

అతను చేతిలోని రొట్టె పక్కన పెట్టాడు. “మా ఆడామెది మీ గోనెగండ్లేనన్నా. ఈడ మా తమ్ముడు పిలుస్తాడులే. నేనొస్తా. అయితే ఒక మాట.”

“ఏంది?” అన్నాను.

“ఫజర్ మటుకు నువ్వే పిలవాల. యాడ తప్పిపోతాదో అని నేను సరిగ్గా నిద్రపోయి ఎన్నేండ్లయిందో. నన్ను గూడా ఎవరో ఒకరు లేపాల గదన్నా.”

అతను వచ్చి రెండు నెలలైంది. జొహర్ నుంచి రాత్రి ఇషా దాకా నాలుగు పూటలా అతని పిలుపు వింటున్నాను, నాలుగు పూటలా ఒళ్ళు మండుతూనే ఉంది. మండినా లేచి పోతున్నాను. ఇదివరకు నేను పిలిచేటప్పుడు వీధి చివర ఎవరు వింటున్నారా అని ఒక చెవి అటే ఉండేది. ఇప్పుడు ఫజర్‌కు చీకట్లో నిలబడి పిలుస్తుంటే వినేవాడొకడున్నాడని తెలుసు. నిద్ర కన్నా నమాజు మేలన్న మాట ఆ ఒక్క అజాన్‌లోనే ఉంటుంది. ఆ మాట దగ్గర నా గొంతు జీరబోతుంది. సరిగ్గా అప్పుడే మసీదు పక్కింట్లో కాపురమున్న దస్తగిరి గడియ తీసిన చప్పుడవుతుంది, ఆవలిస్తూనే నా మాటకు బదులు పలుకుతాడు.

ప్రయాణికులకు ఒక సలహా. దస్తగిరి గొంతు విందామని వచ్చేవారు ఆదోని దాకా ఇంకో పన్నెండణాలు దండగ చేసుకోవద్దు, గోనెగండ్లలోనే బస్సు దిగండి. పగలు ఏ పూట వచ్చినా అతను పిలుస్తాడు. ముందు రాత్రే వచ్చి మసీదులో పడుకున్నవారు మాత్రం నా గొంతుకే లేవాలి.