కేసుకి కావలసిన మనిషి

ఆ రోజుల్లో సమాజం నాకు పూర్తిగా అర్థమైపోయిందనుకునేవాణ్ణి. (సమాజానికే నేనింకా అర్థం కాలేదని, దానికి కొంచెం టైమివ్వాలని కూడా అనుకునేవాణ్ణి.) ఎమ్మే సోషియాలజీ పాసై, ముక్తేశ్వరం దగ్గర ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరిన కొత్త. మా తాతలంతా ఊళ్ళో కూలికి వెళ్ళినవాళ్ళే. అందుకని చర్చిలో మా అమ్మ నన్ను "మా లెక్చరర్‌గారు" అని పరిచయం చేసేది, పాస్టరుగారికి కూడా, ఆయన నాకు బాప్తిస్మం ఇచ్చినాయనే అయినా. దానికి తోడు గవర్నమెంటు లెక్చరర్ పోస్టుకి రాతపరీక్ష గట్టెక్కాను. అదొస్తే మా పేటలో మొదటి గెజిటెడ్ ఆఫీసర్ని నేనే. గెజిటెడ్ వాళ్ళు ఆకుపచ్చ సిరాతో సంతకం పెడతారని ఎవరో చెబితే, మా అమ్మ అమలాపురం వెళ్ళి ఆకుపచ్చ సిరా పెన్ను ఒకటి కొని ట్రంకుపెట్టెలో చీరల కింద దాచింది.

క్లాసులో నాకిష్టమైన పాఠం నేరం గురించి. నేరం సమాజానికి జబ్బు కాదు, అవసరం అని చెప్పేవాణ్ణి. ఒకణ్ణి పట్టుకుని శిక్షిస్తే మిగతా అందరూ "మనం మంచివాళ్ళం" అనుకుని దగ్గరవుతారు, గీత ఎక్కడుందో అందరికీ తెలుస్తుంది. ఇక రెండో సిద్ధాంతం, బడి గౌరవించని కుర్రాళ్ళు తమకంటూ ఒక గుంపు కట్టుకుంటారని, బడి దేన్ని తిడుతుందో దాన్నే అక్కడ గొప్పగా ఎంచుతారని. ఈ రెండోదానికి ఉదాహరణలు వెనక బెంచీలో కూర్చుని ఉండేవి. వాళ్ళ నాయకుణ్ణి అందరూ సైలెన్సర్ అనేవారు, బండికి అది పీకేసి తిరుగుతాడు కాబట్టి. ఏడాది మొత్తంలో అతను అడిగింది ఒకే ప్రశ్న.

"అయితే సార్, శిక్షించడానికి ఆ ఒకణ్ణి ఎవరు సెలెక్ట్ చేస్తారండీ?"

"అది సిలబస్‌లో లేదు, కూర్చో," అన్నాను.

వేసవి సెలవుల్లో ఒక ఆదివారం మా కాలేజీ కరస్పాండెంటుగారి కొబ్బరితోటలో కోడిపందేలు జరిగాయి. సంక్రాంతి మూడు రోజుల పందేలకి అందరూ కళ్ళు మూసుకుంటారు గానీ, ఇలా అకాలంలో వేస్తే స్టేషనువాళ్ళు పై ఆఫీసర్లకి ఒక కేసు చూపించాలి. దానికో పద్ధతుంది. వచ్చేముందు వాళ్ళు ఫోను చేస్తారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు కార్లెక్కి వెళ్ళిపోతారు. నిలబడ్డవాళ్ళు పరిగెత్తుతారు. ఇద్దరు మనుషులు, ఒక పుంజు మాత్రం తమంతట తామే స్టేషనుకి వెళ్ళి కూర్చుంటారు. ఆ ఇద్దరూ ఎప్పుడూ మా పేటవాళ్ళే. ఇదంతా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. నాకే తెలియదు. నేను చదువుకున్నాను కదా.

ప్రత్యక్ష పరిశీలన కోసమని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాను. కరస్పాండెంటుగారు కుర్చీలోంచి నన్ను చూసి, పర్వాలేదు ఉండు అన్నట్టు తలాడించారు. కాసేపటికి ఆయనకి ఫోనొచ్చింది. కార్లు కదిలాయి. జీపు చప్పుడు వినపడగానే జనం చెప్పులు కూడా వదిలేసి కాలవగట్టు మీద పడ్డారు. నేను కదల్లేదు. తప్పు చెయ్యనివాడు పరిగెత్తడమెందుకని నా తర్కం. ముందొచ్చిన కానిస్టేబుల్‌గారు తోట మధ్యలో ఒంటరిగా నిలబడ్డ నన్ను చూసి కంగారుపడిపోయారు.

"అదేంటి సార్, అలా నిలబడిపోయేరు? పరిగెత్తండి! కావాలంటే నేను అటు తిరుగుతాను."

"నేను పరిశీలనకి వచ్చేనండి."

"మేమూ అందుకే వచ్చేమండి," అని ఆయన పాపం నిజంగానే బాధపడుతూ నన్ను జీపెక్కించారు.

స్టేషన్లో బెంచీ మీద మా చిన్నాన్న కూర్చుని ఉన్నాడు. కరస్పాండెంటుగారి తోటల్లో చెట్లెక్కి కాయలు కోసే కొబ్బరి దింపులన్నీ ఆయనవే. ఆ పని చేజారకుండా ఉండాలంటే పిలిచినప్పుడల్లా కేసుకి వెళ్ళాలి. చర్చికి వేసుకున్న తెల్లచొక్కాలోనే ఉన్నాడు. బెంచీ కాలికి పుంజు కట్టేసి ఉంది. ఓడిన పందెంపుంజులు ఈపాటికి కూరైపోయుంటాయి, గెలిచినవి కార్లలో వెళ్ళిపోయుంటాయి. ఇది చిన్నాన్న ఇంట్లోది. కాలికి కత్తి ఎరగదు, పెట్టల్ని చూస్తేనే జడుసుకుంటుంది.

"నువ్వెందుకొచ్చేవురా అబ్బాయ్? ఇయ్యాళ నా వంతు కదా!" అన్నాడు చిన్నాన్న.

ఎస్సైగారు నన్ను మర్యాదగా కూర్చోబెట్టి సంగతేమిటని అడిగారు. నేను ఊరుకుంటానా? నేరం సమాజానికి ఎలా ఉపయోగపడుతుందో మొదలుపెట్టి చెప్పాను. ఆయన ఫ్యాను నా వైపు తిప్పి అంతా ఓపిగ్గా విన్నారు.

"అవసరమేనండి మాస్టారూ. మాక్కూడా ఇవాళ ఇద్దరు అవసరమండి. ఒకాయన వచ్చేరు. రెండో ఆయనకి జ్వరమంట."

అప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. ట్రంకుపెట్టెలో పెన్ను గుర్తొచ్చింది. "కరస్పాండెంటుగారికి ఫోను చెయ్యండి, నేనెవరో ఆయన చెబుతారు," అన్నాను. ఎస్సైగారు అందరికీ వినపడేట్టు పెట్టి మరీ మాట్లాడారు.

"లెక్చరరాండీ? మా కాలేజీకి ఇప్పుడు సెలవులండి," అన్నారు అవతల్నుంచి కరస్పాండెంటుగారు. "సెలవుల్లో ఎవరు లెక్చరరో నాకేం తెలుస్తుందండీ?"

చిన్నాన్న లేచి చేతులు కట్టుకున్నాడు. "అయ్యా, ఆడికి గవర్నమెంటు ఉద్యోగం రాబోతుందండి. రెండు పేర్లూ నావే రాసుకోండి." ఎస్సైగారు నిజంగానే కాసేపు ఆలోచించి, చట్టం ఒప్పుకోదన్నారు.

మర్నాడు కోర్టు గుమ్మం దగ్గర చిన్నాన్న నాకు పాఠం చెప్పాడు. "జడ్జిగారు అడగ్గానే 'తప్పయిపోయిందండి' అనెయ్. జరిమానా పందేలేయించినోళ్ళే కట్టేస్తారు. టీ తాగి ఇంటికెళ్ళిపోదాం." ఆయన లోపల ఆ మాటే అని బయటికి వెళ్ళి టీ తాగాడు. నేను మాత్రం ఛాతీ విరుచుకుని "నేను ఏ నేరమూ చెయ్యలేదండి" అన్నాను. ప్లీడర్లంతా జాలిగా చూశారు. నేరం ఒప్పుకున్న చిన్నాన్న కేసు ఆ పూటే ముగిసింది. ఒప్పుకోని నా కేసు ఏళ్ళ తరబడి వాయిదాలు పడింది. పుంజుని అడిగినప్పుడు హాజరుపరచాలని చిన్నాన్నకే అప్పగించారు. కోర్టువారి సొత్తు కాబట్టి కొయ్యడానికి లేదు. ఎన్ని క్రిస్మసులు వచ్చినా దాని జోలికెవరూ పోలేదు. చివరికి ముసలిదై, దాని చావు అదే చచ్చింది.

కాలేజీ తెరిచిన రోజున కరస్పాండెంటుగారు నైతిక విలువల మీద సభ పెట్టి, నన్ను తీసేశామని ప్రకటించారు. అంతవరకూ టైంటేబుల్ గొడవలతో మొహాలు చూసుకోని లెక్చరర్లు ఆ రోజు స్టాఫ్‌రూంలో ఒకే ప్లేటులో పకోడీలు తిన్నారట. నా సిద్ధాంతం అక్షరం పొల్లుపోకుండా నిజమైంది. నవ్వొస్తుంది గానీ, ఆ పకోడీల మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

సర్టిఫికెట్ల సంచీతో గేటు దాటితే, టీకొట్టు పిట్టగోడ మీద వెనక బెంచీ మొత్తం కూర్చుని ఉంది. ఏడాదంతా నన్ను చూసి ఒక్కరోజు లేవనివాళ్ళు అందరూ లేచారు. సైలెన్సర్ తన చోటు తుడిచి "కూర్చోండి సార్" అన్నాడు.

"మీది నాన్‌బెయిలబులాండీ?" అని ఎంతో గౌరవంగా అడిగాడు.

కాదన్నాను. కొంచెం నిరాశపడ్డాడు. అయినా టీ చెప్పాడు. ఆ విధంగా రెండో సిద్ధాంతం కూడా రుజువైంది. నాకు ఉద్యోగం ఇచ్చిన చోట దక్కని కుర్చీ ఆ గోడ మీద దక్కింది.

గవర్నమెంటు పోస్టు ఎంక్వయిరీలో "కేసు పెండింగు" అని వెళ్ళింది. నా తరవాతివాడికి ఇచ్చేశారు. చివరికి సాక్షులెవరూ రాలేదని కేసు కొట్టేశారు. (ఎలా వస్తారు? ఆ రోజు నేను తప్ప అందరూ పరిగెత్తారు కదా.) అప్పటికి నాకు వయసు దాటిపోయింది. మా అమ్మ పెట్టె తెరిచి పెన్ను తీసి నా చేతిలో పెట్టి, "వాడుకో నాన్నా. ఊరికే ఉంచితే ఎండిపోద్ది," అంది. ఆవిడ తిట్టినా బాగుండేది.

ఇప్పుడు అమలాపురంలో ఒక కోచింగ్ సెంటర్లో అదే పాఠం చెబుతున్నాను. కరస్పాండెంటుగారు మొన్న కూడా ఎక్కడో నైతిక విలువల మీద మాట్లాడారని వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. చిన్నాన్న చెట్లెక్కలేకపోతున్నాడు. దింపులకీ కేసులకీ ఆయన కొడుకు వెళ్తున్నాడు. వాడు బీకాం పాసయ్యాడు. "ఏం చెయ్యమంటావన్నయ్యా," అన్నాడు నేను అడిగితే.

నిన్న పేపర్లు దిద్దుతుంటే, నేరం వల్ల సమాజానికి కలిగే ప్రయోజనాలు ఒకమ్మాయి చక్కగా రాసింది. నేను చెప్పినట్టే రాసింది. మార్కులన్నీ వేసి, పక్కన ఆకుపచ్చ సిరాతో "మరి ఆ ఒకణ్ణి ఎవరు ఎంచుతారు?" అని రాశాను. తరవాత పెన్ను మూత పెడుతుంటే, ఖాళీ అయిపోయిన తోటలో ఊళ్ళోవాళ్ళ చెప్పుల మధ్య ఇస్త్రీ చొక్కాతో నిటారుగా నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. పరిగెత్తరా బాబూ అని అరవాలనిపించింది. అరిచినా లాభం లేదు. పరిశీలనకి వచ్చేనండి అంటాడు.