చెయ్యి ఆగిన డెబ్బై రెండు ఫ్రేములు

1977 జూన్ 14, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. నాచారం స్టూడియోలో, ఎడిటింగ్ గదిలో, ఎవరూ అడగకుండా నేను నోరు తెరిచిన సమయం అది. ఫిల్ము ముక్కలు అతికించడం, ఫ్రేములు లెక్కపెట్టి రాసుకోవడం నా పని. సలహాలివ్వడం కాదు.

అప్పుడు కోస్తున్నది ఇద్దరు తోడికోడళ్ల కథ. ఏటా ఆవకాయ కలిపేది పెద్దకోడలు. ఆ రోజూ ఆవపిండి జల్లిస్తూ ఉంటుంది. అత్తగారు వచ్చి, "ఈ ఏడు నువ్వు కలుపు, చిన్నమ్మాయ్" అంటుంది. కాసేపటికి పెద్దకోడలు జాడీ తెస్తూ కావాలని వదిలేస్తుంది. ఇల్లు రెండుగా చీలేది అక్కడే.

"అసూయ కనపడొద్దటయ్యా?" అన్నాడు నిర్మాత. "మొహం మీదికి జూమ్ తీయించాను కదా, దాన్నే మూడుసార్లు కొట్టి ఉరుము వెయ్యండి."

"మొహం వద్దండీ. చెయ్యి చాలు" అన్నాను.

జల్లెడ పట్టిన చెయ్యి ఆగిపోయే షాట్ ఒకటి ఉంది. డెబ్బై రెండు ఫ్రేములు. జల్లెడ చప్పుడు ఆగుతుంది. తెర బయటినుంచి చిన్నకోడలి గాజులు మాత్రం వినిపిస్తాయి. అంతే.

"ఎక్కడ చూశావమ్మా ఇది?" అని అడిగారు ఎడిటర్ గారు.

"మా ఇంట్లో."

ముందటి ఏడాది ఎండాకాలం, ఉప్పల్లో మా అత్తగారు ఆవకాయ నన్ను కలపమన్నప్పుడు మా అక్క, అంటే నా తోడికోడలు, చెయ్యి అలాగే ఆగింది. చూశాను. చూసి కూడా కలిపాను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య కూరా నారా మాటలే మిగిలాయి. ఈ బొమ్మ ఆమె పక్కన కూర్చుని చూస్తే, "ఆనాడు నేను చూసిన, అక్కా" అని ఒక్క మాట అనగలను అనుకున్నాను.

"రీలు ఇరుక్కుందనుకుంటారు జనం" అని నిర్మాత గొణిగాడు. ఎడిటర్ గారు షాట్ ఉంచారు.

1978 జనవరి 22, ఆదివారం, ఉప్పల్ హాల్లో మ్యాట్నీ. అక్కను బతిమాలి తీసుకెళ్ళాను. తెర మీద అత్తగారు "చిన్నమ్మాయ్" అంది. చెయ్యి లేదు. చటుక్కున అత్తగారి మొహం, "...జాడీ అందుకో" అన్న మాట. పెద్దకోడలు జాడీ తెచ్చి వదిలేసింది.

"గామెకేం పుట్టిందే? ఉత్త పున్నానికే జాడీ పలగ్గొట్టె!" అంది అక్క. "మస్తు కొవ్వు పట్టింది."

"నడుమ ఒక ముక్కుండె అక్కా."

"ఏం ముక్క? మామిడికాయ ముక్కనా?"

ఆట అయ్యాక మెట్లెక్కి ప్రొజెక్టర్ గదిలో ఆపరేటర్‌ను నిలదీశాను.

"బొమ్మ ఆగిందనుకున్నక్కా. మొదటిరోజు జనం ఈలలేసిన్రు, కుర్చీలు కొట్టిన్రు. చెయ్యి ఆగిన కాడికెళ్ళి ముసలామె వచ్చేదాంక తీసేసి అతికిచ్చిన. అతుకు సూడు, తెల్వనే తెల్వదు!"

"తీసిన ముక్కేది?"

"ఊడ్సిన్రు గదా."

అతుకు నిజంగానే బాగుంది. అదే నా ఒళ్ళు మండించింది. పైగా ఫిల్ములో శబ్దం తన బొమ్మ పక్కన ఉండదు, ఇరవై ఫ్రేములు ముందుంటుంది. బొమ్మ కోస్తే దాని తర్వాతి మాట తెగుతుంది. అత్తగారు అన్నది "పెద్దమ్మాయ్, జాడీ అందుకో" అని. ఆ పిలుపు కూడా చెత్తబుట్టకే పోయింది. కోపం రావడానికి కారణమూ లేదు, పెద్దదన్న పేరూ లేదు. ఆ పెద్దకోడలు వట్టి గయ్యాళిగా మిగిలింది.

వేరే హాల్లో ముక్క ఉంటుంది, పోదాం రమ్మన్నాను.

"సూసిన బొమ్మ మల్ల సూసుడేంది? నీకు పని లేదా చెల్లె?"

నోటితో చెప్పవచ్చు కదా అంటే, చెప్పలేకపోయాను. ఆ వేసవిలోనూ ఆవకాయ నేనే కలిపాను.

పోయినవి: ఫ్రేములు డెబ్బై రెండు. అడుగుల్లో నాలుగున్నర. తెర మీద మూడు సెకన్లు. అత్తగారి పిలుపు ఒకటి. నేను అక్కతో అనాల్సిన మాట ఒకటి.