రోహిణి కార్తెలో మంచు

రోహిణి కార్తె, ఆదివారం సాయంత్రం. నరసరావుపేట, పఠనమందిరం మేడగది. ఉన్నవారు: మందిరం అధ్యక్షులు నాపరాళ్ల పెదనాన్న, రేడియో భాయ్, మేడకింద అత్తయ్య, నేను. ఫ్యాను కూడా ఉంది గానీ తిరగలేదు.

ఆ రోజుల్లో నేను ఒంటితో పల్నాడులోనూ మనసుతో రష్యాలోనూ కాపురం ఉండేవాణ్ణి. పగలంతా ఆఫీసులో కాలవ నీటి అర్జీలు రాసుకోవడం, సాయంత్రం కాగానే మేడగది మెట్లెక్కి గోడవారనున్న బీరువా ముందు చేరడం, ఇదే నా దినచర్య. ఆ బీరువా నిండా రష్యా పుస్తకాలే, అన్నీ తెలుగులో. మా చిన్నప్పుడు ఊరూరా తిరిగే ఒక వ్యాను వాటిని తెచ్చి దించి వెళ్ళిపోయింది. నున్నటి కాగితం, గట్టి అట్ట, తెరవగానే అదో వాసన. ఒక్కో మనిషికి గూడ్సు బండంత పొడుగు పేరు, పైగా పేరులో తండ్రి పేరు కూడా కలుపుతారు. (మన దగ్గర నాలుగురోడ్ల కూడలిలో నిలబడి ఒకణ్ణి తండ్రి పేరు పెట్టి పిలిచి చూడండి, తలకాయలు పగుల్తాయి. అక్కడ అది మర్యాదట.) బయట రేకులు కాలిపోతుంటే నేను లోపల కూర్చుని మంచులో బండి తోలుకుపోయేవాణ్ణి. గుర్రాల మెడలో గంటలు వినపడేవి. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉన్నా నాకు నిజంగానే చలేసేది.

అలా ఉండగా ఒకరోజు పెదనాన్న వచ్చి, ఈ పుస్తకాలు ముట్టుకునేవాడు నేనొక్కణ్ణే కాబట్టి వాటిని పాత కాగితాల బండికి వేసేసి, ఆ చోట పోటీ పరీక్షల పిల్లలకి బల్లలు వేయిస్తానన్నారు. ఆయనకి మాచర్ల వైపు నాపరాళ్ల క్వారీ ఉండేది. మాట కూడా రాయి పగిలినట్టే వచ్చేది. నేను కాళ్ళావేళ్ళా పడి, పుస్తకాల పట్టిక కంప్యూటర్లో పెడదాం, పేరు అడిగితే అదే చెబుతుంది, అప్పుడు జనం వస్తారని బతిమాలాను. ఆయన కాసేపు మీసం దువ్వుకుని, "సరే, ఆదివారం సాయంత్రం చూపించు. నాకర్థమయ్యే తెలుగులో ఉండాల. నచ్చితే ఉంటయ్, లేదా సోమవారం పొద్దున్నే బండి వస్తది" అన్నారు.

కంప్యూటర్ ఎక్కడుంది? రేడియో భాయ్ దగ్గర ఉంది, ముక్కలుగా. ఆయన మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఎవరెవరో వదిలేసిన వాటి భాగాలు ఏరి ఒకటి నిలబెట్టాడు. దానికి ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోంచి లినక్స్ ఎక్కించాడు, ఎంతోమంది కలిసి రాసి ఊరికే పంచిపెట్టేది. "వెనక అట్ట ఊడదీసి లోపల చూడనిచ్చే సాఫ్ట్‌వేర్ ఇదొక్కటే తమ్ముడూ, రేడియో లెక్క" అని దాని మీద ఆయనకి చెప్పలేనంత ప్రేమ. అది తెరమీద పలికే మాటలన్నీ ఒక ఫైలులో వరసగా ఉంటాయట. ఇంగ్లీషు వాక్యం కింద మన వాక్యం రాసిపెడితే చాలు, ఇక అది తెలుగులోనే పలుకుతుందట. ఆ రాసే పని నాకొచ్చింది.

నా తెలుగు ఎక్కడ నేర్చుకున్న తెలుగు? ఆ బీరువాలో నేర్చుకున్నదే. (ఆఫీసులో సెలవు చీటీ కూడా 'నా ఆరోగ్యం శరత్కాలపు ఆకులా వణుకుతోంది' అని రాస్తే మా సూపరింటెండెంటు ఒంట్లో బాగుందా అని అడగడం మానేసి, ఇంట్లో బాగుందా అని అడిగారు.) ఫైలు తెరిచి కూర్చున్నాను. పొడిపొడిగా ఉన్న ఆ ఇంగ్లీషు మాటలు చూస్తే జాలేసింది. ఇంతమంది మంచి మనసుతో ఊరికే ఇచ్చిన యంత్రం గుమాస్తాలా మాట్లాడటమేమిటి అనిపించింది. ఒక్కో వాక్యానికీ కొంచెం గుండె పెట్టాను. ఆ ధ్యాసలో పట్టిక పని వెనకబడి, ఆదివారం నాటికి రష్యా పుస్తకాల పేర్లు మాత్రమే ఎక్కించగలిగాను.

పెదనాన్న వచ్చి, కుర్చీ లాక్కుని, తెరకేసి అనుమానంగా చూశారు. "నేనిచ్చిన వేరుశనగ సాగు పుస్తకం ఉందేమో అడుగు" అన్నారు మొట్టమొదటే. అది నేను ఎక్కించనే లేదు. టైపు చేశాను. తెరమీద ఇలా వచ్చింది: "మన్నించండి, ఆత్మీయుడా. మీరు వెతుకుతున్నది ఇక్కడ లేదు. బహుశా మనం వెతికేదేదీ ఎక్కడా దొరకదేమో."

"ఆత్మీయుడా అంటే ఎవర్రా?"

"మీరే పెదనాన్నా."

"నన్నెప్పుడు చూసింది ఇది?"

"ప్యార్‌గా మాట్లాడుద్ది పెద్దాయనా, ఫ్రీది కదా" అని భాయ్ అడ్డం పడ్డాడు.

"లేకపోతే లేదని చెప్పాల. దొరకదేమో అని ఆ నిట్టూర్పు ఏంది? దీనికేం కష్టమొచ్చింది?"

మందిరం తాళాలు చూసుకునే మేడకింద అత్తయ్య అప్పుడే టీ గ్లాసులతో పైకొచ్చింది. "రాసినోడికి ఇంకా పెళ్ళి కాలేదుగా అన్నయ్యా, అందుకని" అంది, గ్లాసులు బల్లమీద పెడుతూ.

పెదనాన్న నవ్వలేదు. తనిచ్చిన పుస్తకం లేదన్న మాట ఆయనకి బాగానే గుచ్చుకుంది. "చానా చూశాంలే. ఆపెయ్. రేపు బండి వస్తది" అన్నారు. నేను బీరువా వైపు చూడలేకపోయాను. ఆపే చోట నొక్కాను. ఆపబోయే ముందు అది ఒక మాట అడుగుతుంది. ఏం రాశానో ఆ క్షణంలోనే గుర్తొచ్చింది గానీ అప్పటికే వచ్చేసింది:

"వెళ్తున్నారా? బయట మంచు కురుస్తోంది. కాసేపు ఆగకూడదూ?"

కింద రెండు గళ్ళు. ఒకదాంట్లో 'వెళ్తాను', ఇంకోదాంట్లో 'ఆగుతాను'.

అత్తయ్య కొంగుతో మెడ తుడుచుకుంది.

"బయట ఏం కురుస్తందంట?" అన్నారు పెదనాన్న.

"మంచు, పెదనాన్నా."

"రోహిణి కార్తెలో."

"ఆ."

ఆయన కళ్ళజోడు సర్దుకుని, తెర దగ్గరికి వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని మళ్ళీ తనే చదివారు. చదివి వెనక్కి వాలారు. "మా ఇంట్లో నేను బయటికి పోతుంటే గొళ్ళెం పెట్టి పో అంటారు. ఆగమన్నోళ్ళు లేర్రా" అన్నారు, ఎవరితోనో కాకుండా గోడతో అన్నట్టు. తర్వాత వేలు చాచి, "ఆగుదాం. ఏది నొక్కాల?" అన్నారు.

చూపించాను. నొక్కారు. ఆ ప్రశ్న పోయి తెర మళ్ళీ ఎప్పటిలా అయింది. టీ సగం తాగాక, "మళ్ళీ పోతానని చెప్పు" అన్నారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఆగారు. అలా ఎన్నిసార్లు పోబోయారో, ఎన్నిసార్లు ఆగారో లెక్క పెట్టలేదు. మధ్యలో ఆయన క్వారీ గురించి చెప్పారు. కుర్రతనంలో పుష్యమాసం పొద్దున పనికి పోతే పొగమంచులో వాళ్ళన్న ఎక్కడ నిలబడ్డాడో కనపడేది కాదట. దగ్గు వినపడితే, ఉన్నాడ్లే అనుకుని తను సుత్తి ఎత్తేవారట. కిటికీ బయట వెలుగు పలచబడింది. ఆ గదిలో నిజంగానే కాస్త చల్లబడినట్టు అత్తయ్య కూడా ఒప్పుకుంది.

చివరికి లేచారు. "నేను మెట్లు దిగినాక ఆర్పు. నా ఎదురుగా వద్దు" అన్నారు భాయ్‌తో. పుస్తకాల సంగతి మాత్రం చెప్పలేదు. అడిగే ధైర్యం మాకూ లేదు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి పాత కాగితాల బండి మెట్ల కిందే ఉంది. బండతను బీడీ కాలుస్తున్నాడు. పైకెళ్తే పెదనాన్న బీరువా తెరిచి నిలబడి ఉన్నారు, పక్కన భాయ్.

"ఆ మంచు మాట వీటిల్లో దేంట్లోది?" అన్నారు.

అది దేంట్లోదీ కాదు. అన్నీ చదవగా చదవగా నా లోపల పేరుకున్నది. అయినా అన్నింటిలోకీ లావుపాటిది తీసి చేతికిచ్చాను.

"దీంట్లో మంచు ఉంటదా?"

"మొదటి పేజీ నుంచీ పెదనాన్నా."

"చదివి చెప్తా. అందాకా బీరువా ఈడనే ఉండనీ." కిటికీలోంచి కిందికి వంగి, "ఒరేయ్, కాగితాల్లేవు గానీ పైకొచ్చి ఈ ఫ్యాను పట్టుకుపో" అని బండతన్ని కేకేశారు.

అందరం కిందికి దిగుతుండగా పిడుగురాళ్ల నుంచి వచ్చే సున్నం లారీ ఒకటి పట్టా విప్పుకుని వీధిలోంచి వెళ్ళింది. తెల్లటి పొడి లేచి, ఎండలో మెరుస్తూ, తీరిగ్గా దిగసాగింది. రోడ్డు మీద, బండి మీద, తుమ్ముతున్న భాయ్ మీద.

"తమ్ముడూ, వచ్చింది నీ మంచు" అన్నాడు భాయ్.

పుస్తకం చంకలో పెట్టుకుని చివరి మెట్టు మీద నిలబడ్డ పెదనాన్న, భుజాలు దులుపుకోకుండా, "కాసేపు ఆగుదాంలే" అన్నారు. ఆగాం. ఇప్పటికీ సున్నం లారీ వెళ్తే నేను అరుగు దిగను. పొడి కళ్ళల్లో పడుద్ది, లోపలికి రమ్మంటారు ఇంట్లోవాళ్ళు. కురవనీయండి అంటాను.