వెళ్ళొస్తానని చెప్పని మనిషి

ఈ రోజు మా చోడవరం డేరా టాకీసులో మొదటాట చూసి వచ్చాను. పొయ్యి ఆర్పానో లేదో అన్న భయంతోనే సగం సినిమా గడిచింది.

కథ చిన్నదే. మన వైపు మనిషి ఒకడు పని కోసం రంగూను వెళ్ళి, పక్కగదిలో ఉండే ఆవిడతో నాలుగు రోజులు కష్టసుఖాలు చెప్పుకుంటాడు. చివరికి ఆవిడతో ఒక్క మాటైనా అనకుండా ఓడ ఎక్కేస్తాడు. అంతా నిదానమే. మగవాళ్ళ వైపు నుంచి "రీలు బేగి తిప్పరా బాబూ!" అని ఒకటే కేకలు. ఆడవాళ్ళ వైపు ఎదురింటి ముసలమ్మ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ఇంటికి నడుస్తూ మా కోడలు కోప్పడింది. "ఏటి సినిమా అత్తా! ఎల్లొస్తానని ఒక్క ముక్క సెప్పలేదు. మనిషేనా ఆడు?"

ముందు నడుస్తున్న మా ఆయన ఆగాడు. పెళ్ళైన కొత్తలో రంగూను మిల్లులో పనిచేసి వచ్చినవాడే ఆయనా.

"ఎలాగ సెప్తాడమ్మా? ఎల్లొస్తానంటే మళ్ళీ రావాల కదా. అబద్దమయిపోద్ది."

"మరి నువ్వేటి సెప్పేవు మావా?" అన్నాను.

"ఏటీ సెప్పలేదే. నాకు అన్నమెట్టిన పళ్ళెం కడిగి, ఆ అమ్మి గుమ్మంలో ఎట్టీసి వచ్చేను."

పరాయి దేశంలో ఆయనకు ఎవరైనా ఇంత అన్నం పెట్టారో లేదో అని ఇన్నేళ్ళూ బెంగపడ్డాను. పెట్టిందట. తరవాత యుద్ధంలో ఆ ఊరి మీద బాంబులు పడ్డాయి కదా, ఆ పిల్ల ఏమైపోయిందో అని ఇప్పుడు కొత్త బెంగ పట్టుకుంది. ఆయన్ని ఇంకేమీ అడగలేదు. మీరైతే అడిగేవారా?